కార్డుకు ఎంత?

టెండరు ఫారంలో రేటు రాయాల్సిన గడి ఒక్కటే ఉంటుంది. 'ఒక్కో కార్డుకు, పన్నులు కాకుండా' అని పక్కన ముక్తసరిగా రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ గడి నింపుతూ వస్తున్నాను. మొదట్లో పెన్నుతో అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాసి సీలు వేసి కవర్లో పెట్టేవాళ్లం. ఇప్పుడు డిజిటల్ సంతకంతో ఆన్‌లైన్‌లో వేస్తున్నాం. సర్కారు కార్డులను లెక్కపెట్టి కొంటుంది. మేం మాత్రం దేన్నీ కార్డు లెక్కన కొనం. రిబ్బను రోలు లెక్కన, మనిషిని నెల లెక్కన, డీజిలు లీటరు లెక్కన, అప్పు నూటికింత లెక్కన తెచ్చుకుంటాం. ఇన్ని రకాల కొలతలను ఆ ఒక్క గడిలోకి దింపడమే మా వృత్తి. ప్రింటింగు చాలామందికి వచ్చు.

మాది విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న యూనిట్. శుభలేఖలు, బిల్లు పుస్తకాలతో మొదలై, డీటీపీ మీదుగా గుర్తింపు కార్డుల్లోకి వచ్చి పడ్డాం. పెద్ద టెండరు మా పేరున ఎప్పుడూ రాలేదు. టర్నోవరు నిబంధన దగ్గరే ఆగిపోతాం. పెద్ద కంపెనీ పట్టుకున్న పనిలో ఒకటి రెండు జిల్లాలు మాకిచ్చేవాళ్లు. జిల్లా స్థాయిలో పిలిచే చిన్న టెండర్లు మాత్రం సొంతంగా వేశాం. అందువల్ల ఈ వ్యవహారాన్ని పైనుంచీ చూశాను, కిందనుంచీ చూశాను. కిందనుంచి చూస్తేనే లెక్కలు బాగా కనిపిస్తాయి.

ఓటరు కార్డులతోనే మొదలు. 1993లో ఎన్నికల ప్రధాన కమిషనర్ శేషన్ గారు ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వాల్సిందేనన్నారు. 1995 జనవరి 1 తర్వాత కార్డులు లేనిచోట ఎన్నికలే జరపనని కూడా అన్నారు. ఖర్చు మాట వచ్చేసరికి రాష్ట్రాలు గునిశాయి. కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టుకోవాలని తేలింది. మన రాష్ట్రంలో 1994 డిసెంబరులోనే అసెంబ్లీ ఎన్నికలు అయిపోయాయి కాబట్టి ఆ గడువు మనల్ని పట్టుకోలేదు. పని మాత్రం పట్టుకుంది.

అప్పుడు కార్డు చేయడమంటే ముందు ఊరికి పోవడం. ఒక జీపు, కెమెరా, కంప్యూటరు, జనరేటరు, వెనక కట్టడానికి గుడ్డ, ఫొటో తీసేవాడొకడు, వివరాలు టైపు చేసేవాడొకడు, సామాను మోసే కుర్రాడొకడు. ఎలిమెంటరీ స్కూల్లో బెంచీలు పక్కకు జరిపి కూర్చునేవాళ్లం. ముందురోజు ఊళ్లో టముకు వేయించేవారు. జాబితాలో వెయ్యిమంది ఉంటే వచ్చేది ఆరు వందలో, ఏడు వందలో. ఊడ్పుల కాలమైతే ఆడవాళ్లు పొద్దుగూకాక, కాళ్లకింకా బురద ఆరకుండానే వచ్చేవాళ్లు. అంటే జనరేటరు మళ్లీ వేయాలి. మిరపకోతల కాలమైతే సగం వాడలకు తాళాలే. జీపు అద్దె, డీజిలు, ముగ్గురి బత్తెం వెయ్యిమంది వచ్చినా అంతే, నాలుగొందల మంది వచ్చినా అంతే. మాకు డబ్బిచ్చేది మాత్రం తయారైన కార్డుకు. రానివాళ్ల కోసం ఇంకో విడత పోవాలని ఒప్పందంలోనే ఉండేది. ఆ రెండో విడతకు వచ్చేది వందమందే అయినా జీపు మాత్రం అదే జీపు.

ఒకచోట ఒక ముసలమ్మ కుర్చీలో కూర్చుని, కెమెరా వంక అనుమానంగా చూసి, "ఏం బాబూ, నా మొహం నీ డబ్బాలో పడిందా, మళ్లా రమ్మంటావా?" అనడిగింది. పడిందమ్మా అన్నాను. ఆమెకు ఆ కార్డు ఫ్రీ. నిజానికి ఆ రోజు మాకు బాగా ఖరీదైన కార్డు ఆమెదే. నడవలేదని ఇంటికి జీపు పంపి తీసుకొచ్చాం.

ఈ అనుభవంతో నాకొక సంగతి బోధపడింది. ఎన్ని యంత్రాలు మారినా అది మారలేదు. కార్డు ఖరీదు కార్డులో ఉండదు, ఆ కార్డును ఆ మనిషితో సరిగ్గా కలపడంలో ఉంటుంది. అప్పట్లో కార్డంటే కాగితం మీద నలుపు తెలుపు ఫొటో, రెండువైపులా లామినేషను, మూలన హోలోగ్రాము. సరుకు ఖర్చు రూపాయిల్లోనే. వాటిలో హోలోగ్రాము ఒక్కటే మమ్మల్ని నిద్రపోనిచ్చేది కాదు. అది లెక్కపెట్టి ఇస్తారు, లెక్కపెట్టి తీసుకుంటారు. చిరిగినవి, వంకరగా అతుక్కున్నవి పారేయడానికి లేదు. రిజిస్టరులో అంటించి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టి ఒప్పజెప్పాలి. చూడ్డానికి బియ్యపు గింజంత మెరుపు. దాని కోసం ఒక మనిషిని కూర్చోబెట్టాం. ఆ మనిషి జీతం ఏ టెండరు గడిలోనూ కనిపించదు.

ప్లాస్టిక్ కార్డులు వచ్చాక పని మారింది. ఏటీఎం కార్డు సైజే: 85.6 మిల్లీమీటర్లు పొడవు, 54 వెడల్పు, ముక్కాలు మిల్లీమీటరు మందం. ప్రపంచమంతా ఇదే కొలత. అందువల్ల ఖాళీ కార్డు చవక. చూసినవాళ్లు "ఇంత ముక్కకు అంత రేటా?" అంటారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు ముక్కే కనిపిస్తుంది.

కార్డును నేరుగా రంగుల్లో కొట్టే చిన్న ప్రింటరులో రిబ్బను ఉంటుంది. పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, పైన రక్షణపొర: ఐదు పలకలు వరసగా. కార్డు మీద రంగు ఎంత తక్కువున్నా ఒక్కో ముఖానికి ఒక సెట్టు ఖర్చవాల్సిందే. మధ్యలో కరెంటు పోయినా, కార్డు ఇరుక్కున్నా, ఫొటో మీద దుమ్ము పడినా ఆ సెట్టు పోయినట్టే. రెండొందల యాభై కార్డులొచ్చే రిబ్బను రెండున్నర, మూడు వేల మధ్య పడితే, ఖాళీ కార్డు ధర కలపకముందే ఒక వైపుకే పది పన్నెండు రూపాయలు అయిపోతుంది. వెనకవైపు చిరునామాకు నలుపు పలక అదనం. చవక రిబ్బను వేస్తే ప్రింటు హెడ్ గ్యారంటీ పోతుంది. హెడ్ ఖరీదు వింటే కొత్త ప్రింటరే కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. బెజవాడ మే నెలలో ఏసీ లేకుండా ఆ యంత్రాన్ని నడపలేం. మా ఆపరేటర్లు ఏసీ గదిలో పనిచేయడం మొదలుపెట్టింది యంత్రం పుణ్యాన్నే.

ఆర్డరు లక్షల్లో ఉంటే ఈ దారి గిట్టదు. అప్పుడు షీట్ల మీద పోవాలి. అడుగు డిజైను, సన్నగీతలు ముందే ఆఫ్‌సెట్‌లో కొట్టించి, ఫొటో, పేరు, నంబరు లేజర్‌లో ఎక్కించి, పైనా కిందా పారదర్శక పొర వేసి, వేడి ప్రెస్సులో అతికించి, చల్లారాక పంచింగులో కోస్తారు. వీధిలో చిన్న షాపులవాళ్లు డ్రాగన్ షీటు మీద చేసేది ఇదే పద్ధతి, ఏ4 షీటుకు పది కార్డులు. కార్డుకు ఖర్చు బాగా తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ప్రమాదం పెరుగుతుంది. ముందు షీటు వరస, వెనక షీటు వరస ఒక్క గడి జరిగితే చాలు, ఒకరి మొహానికి ఇంకొకరి చిరునామా. ఒక్క కార్డు కాదు, షీటంతా. పైగా ఆ చెడినవాటిలో నిజమైన మనుషుల వివరాలున్నాయి. చెత్తబుట్టలో వేయడానికి లేదు. లెక్కరాసి, అధికారి ముందు ముక్కలు చేయించాలి. ఆ అధికారికి తీరిక దొరికేదాకా బీరువాలో తాళం వేసి ఉంచాలి.

ఇంత చేసినా పని సగమే. కార్డులను నియోజకవర్గంవారీ, పార్టు నంబరువారీ, అందులో వరస నంబరువారీ కట్టలు కట్టి బూత్ స్థాయి అధికారులకు (బీఎల్వోలకు) అందేలా ఇవ్వాలి. చెడిపోయి మళ్లీ కొట్టిన కార్డు తన కట్టలో తన చోటే కూర్చోవాలి. మా యూనిట్లో ప్రింటింగుకు ఇద్దరుంటే, ఈ సర్దుబాటుకు ఏడెనిమిది మంది ఆడవాళ్లుండేవారు. వాళ్లలో ఒకావిడకు నంబరు చూడకుండానే ఫొటోలోని పోలికలను బట్టి ఏ ఇంటి కట్టో తెలిసిపోయేది. అన్నదమ్ములు పక్కపక్కన పడకపోతే "ఇక్కడేదో తప్పిపోయిందండీ" అనేది. పోయి చూస్తే నిజంగానే తప్పిపోయి ఉండేది. ఆమె పనికి రేటు కట్టగలిగిన టెండరు నేనింతవరకు చూడలేదు.

ఇక డేటా. కార్డు మీద నమోదు అధికారి సంతకం అచ్చులో ఉంటుంది. ఎన్నికలకు ముందు బదిలీలు రివాజు. సగం పని అయ్యాక అధికారి మారితే సంతకం ఫైలు మార్చాలి. పేర్ల సంగతి చెప్పక్కర్లేదు. పాత ఫాంటులో టైపు చేసిన జాబితాను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు లక్ష్మికి వత్తు జారిపోతుంది, కృష్ణమూర్తికి వట్రసుడి ఎగిరిపోతుంది. జాబితాలో ఉన్నదే మేం కొట్టాం. కాని కార్డు పట్టుకున్న మనిషి తిట్టేది 'ప్రింటు చేసినవాణ్ణి'. తప్పు జాబితాదా ప్రింటుదా అన్నది తేల్చే కాగితం చేతిలో లేకపోతే మళ్లీ కొట్టే ఖర్చు మాదే. అందుకే వచ్చిన ప్రతి ఫైలునూ వచ్చిన తేదీతో, వచ్చిన రూపంలోనే విడిగా దాచేవాళ్లం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, ఈ వృత్తిలోవాళ్లందరం ముందు చూసుకున్నది పాత జిల్లా పేరుతో అచ్చయిన స్టాకు గోడౌన్లో ఎంతుందా అని. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31 అయినప్పుడు అక్కడి మిత్రులూ అదే చూసుకున్నారు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. లెక్క కోసం ఒక ఆర్డరు అనుకుందాం. ఐదు లక్షల కార్డులు, రేటు 12 రూపాయలు. సరుకు, జీతాలు, కరెంటు, రవాణా కలిపి ఖర్చు 11 రూపాయలు. కార్డుకు రూపాయి మిగులు, మొత్తం ఐదు లక్షల లాభం అని కాగితం మీద కనిపిస్తుంది. పాడయ్యేవి నూటికి రెండు వేసుకోండి. పది వేల కార్డులు, లక్షా పది వేలు. అంటే కార్డుకు 22 పైసలు పోయింది. పెట్టుబడి 55 లక్షలు నూటికి 12 వడ్డీకి తెచ్చి, బిల్లు ఆరు నెలలకు వచ్చిందనుకోండి. వడ్డీ మూడు లక్షల ముప్పై వేలు, కార్డుకు 66 పైసలు. ఇక మిగిలింది 12 పైసలు, ఐదు లక్షల కార్డుల మీద అరవై వేలు. బిల్లు ఇంకో నెల ఆగితే ఆ నెల వడ్డీ 55 వేలు, చేతిలో ఐదు వేలుంటాయి. ఎనిమిదో నెలనుంచి నేను సర్కారుకు కార్డులు అమ్మినట్టు కాదు, చందా ఇచ్చినట్టు.

ఇందులో జీఎస్టీ కలపలేదు. 60 లక్షలకు 18 శాతమంటే 10 లక్షల 80 వేలు. ఇన్‌వాయిస్ ఇచ్చిన మరుసటి నెల 20లోగా రిటర్నుతోపాటు కట్టాలి. మేం సరుకు కొన్నప్పుడు కట్టింది తీసేసినా, మిగిలింది జేబులోంచే. జీతాల మీద, వడ్డీ మీద తిరిగొచ్చే పన్ను ఏముంటుంది? సర్కారు నుంచి మాకు పైసా రాకముందే, ఆ పైసా మీద పన్ను సర్కారుకు చేరిపోతుంది. బిల్లు వచ్చిన రోజున మళ్లీ జీఎస్టీ టీడీఎస్ 2 శాతం పట్టుకుంటారు. రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టులకు 2018 అక్టోబరు నుంచి ఈ పద్ధతి. ఆదాయపు పన్ను టీడీఎస్ వేరే. ఇవన్నీ తర్వాత మన ఖాతాలో జమవుతాయి, నిజమే. తర్వాత అన్న మాటకే గదా మేం వడ్డీ కడుతున్నది. ధరావతు, బ్యాంకు గ్యారంటీ కోసం ఆపుకున్న డిపాజిట్టు వీటికి తోడు.

చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006 చట్టంలో ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని కూడా ఉంది. మంచి చట్టం. ఫిర్యాదు చేయడానికి పోర్టలూ ఉంది. కాని మళ్లీ రేపు టెండరు వేయాల్సింది ఆ ఆఫీసులోనే కదా. ఒక జిల్లా ఆఫీసులో సెక్షను గుమాస్తా నాతో చాలా సౌమ్యంగా అన్నారు: "చూడండి, మీ బిల్లు మా దగ్గర ఆగలేదు. పైన ఆగింది. పైన అడిగితే నిధుల్లేవంటారు. మార్చి 31 దాటితే మళ్లీ కొత్త బడ్జెట్‌లో పెట్టుకోవాలి. మీరు ఎవరిమీద కోపం తెచ్చుకుంటారు?" ఆయన మాటలో తప్పులేదు. ఎవరి బల్ల దగ్గరకు పోయినా కాగితం సక్రమంగానే ఉంటుంది, డబ్బే ఉండదు.

రేటు పెంచి వేయొచ్చు కదా అంటారు. ఎల్-వన్‌కే, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినవాడికే పని. నా 12 రూపాయల పక్కన ఇంకొకడు 9 వేస్తాడు. వాడికి లెక్కరాక కాదు. ఇంత పెద్ద పని పూర్తిచేశానన్న అనుభవ ధ్రువపత్రం వాడికి కావాలి. అది ఉంటే వచ్చే ఏడు పెద్ద టెండరులో అర్హత వస్తుంది. ఆ పత్రం ఖరీదు కార్డుకు మూడు రూపాయలని వాడు లెక్కేసుకున్నాడు. అది అతని తెలివి. కాని ఆ తొమ్మిది రూపాయలే మరుసటి టెండరుకు అంచనా విలువ అయి కూర్చుంటుంది. తక్కువ రేటుకు కొన్నందుకు ఏ అధికారినీ ఆడిట్ ప్రశ్నించదు. పొర పలచబడి, ఏడాదికే ఫొటో చెరిగిపోయి, మనిషి పోలింగు బూతులో నిలబడితే ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియదు.

ఈ మధ్య నాకు బాగా నచ్చిన కార్డు ఒకటుంది, అది మేం చేసింది కాదు. 2020 అక్టోబరులో ఆధార్ సంస్థ పీవీసీ కార్డు మొదలుపెట్టింది. అప్పుడు పెట్టిన ధర 50 రూపాయలు, ముద్రణ, జీఎస్టీ, స్పీడ్ పోస్టు అన్నీ అందులోనే. చాలామంది దాని హోలోగ్రామును, క్యూఆర్ కోడ్‌ను మెచ్చుకున్నారు. నాకు నచ్చింది వేరే. డబ్బు ముందే వస్తుంది. కావాలన్న మనిషికే కొడతారు. చిరునామా ఆ మనిషే సరిచూసుకుంటాడు. పోస్టు వాళ్లు అందజేస్తారు. మా లెక్కలో నష్టాలొచ్చే నాలుగు తలుపులూ అక్కడ మూసే ఉన్నాయి. ప్లాస్టిక్ పాన్ కార్డుకు 107 రూపాయలు కట్టించుకోవడమూ ఈ పద్ధతే. అలా చేస్తే కార్డుకు నిజమైన ధర ఎంతో తెలుస్తుంది, అందులో పోస్టు వాటా ఎంత పెద్దదో కూడా.

అంతకు ముందు ఇదే ఆధార్ విషయంలో వీధి షాపులు 'స్మార్ట్ కార్డు' అంటూ 50 నుంచి 300 దాకా గుంజుతున్నాయని, కాగితం మీద ప్రింటు కూడా చెల్లుతుందని ఆ సంస్థే 2018లో చెప్పింది. జనం వినలేదు. గట్టిగా, మెరుస్తూ చేతికొచ్చే వస్తువంటే మనవాళ్లకు నమ్మకం. ఎన్నికల సంఘం 2021 జనవరి 25న ఓటరు కార్డుకు డిజిటల్ రూపమైన ఈ-ఎపిక్ ఇచ్చింది, ఫోన్లోకి దించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ 2023లో లైసెన్సు, ఆర్సీ కార్డుల ముద్రణ ఆపి డిజిటల్ చూపిస్తే చాలంది. అప్పుడు మా షాపు ముందు వరస పెరిగింది. ఫోన్లోంచి ఫైలు పంపి, "కార్డులా కొట్టివ్వండి" అని అడిగేవాళ్లే. అది అసలు కార్డు కాదని, నకలు మాత్రమేనని చెప్పి, అలాగే రాసి ఇచ్చేవాళ్లం. అక్కడ రేటు మాదే, డబ్బు కౌంటరు మీదే. సర్కారు పని కన్నా సర్కారు ఆపేసిన పనే బాగా గిట్టిందంటే నవ్వుతారు గాని, అదే జరిగింది.

ఓటరు కార్డు కూడా ఇప్పుడు మారుతోంది. జాబితాలో చేరినా, వివరం మారినా 15 రోజుల్లో తపాలా ద్వారా కార్డు అందాలని, ప్రతి దశలో ఎక్కడుందో తెలిసేలా ఉండాలని 2025 జూన్‌లో ఎన్నికల సంఘం పద్ధతి పెట్టింది. ఓటరుకు చాలా మంచిది. కొట్టేవాడి వైపునుంచి చూస్తే, ఆరు నెలల కార్డులు పోగేసి ఒకేసారి షీట్ల మీద కొట్టే వీలు పోతుంది. రోజూ కొన్ని వందలు కొట్టాలి. అంటే మళ్లీ రిబ్బను దారే, మళ్లీ ఖరీదైన దారే. గడువు తగ్గితే కార్డు ధర పెరగాలి. టెండరు అంచనా వేసేవాళ్లు ఆ ముక్క గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఈమధ్య ప్రీ-బిడ్ సమావేశాలకు పోతే రేటు గురించి మాట్లాడను. మూడే అడుగుతాను. జాబితాలో తప్పువల్ల మళ్లీ కొట్టాల్సి వస్తే వేరే బిల్లు ఇస్తారా? డబ్బు ప్రింటయి ఒప్పజెప్పినప్పుడా, ఓటరు చేతికి అందినప్పుడా? కట్టలు తీసుకున్నట్టు సంతకం ఎవరు పెడతారు, అదే రోజు పెడతారా? ఒక కుర్ర అధికారి మొన్న ఈ మూడూ రాసుకుని, "మూడోది నేను రాయించగలను, మొదటి రెండూ అమరావతిలో తేలాలి సార్" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు. సవరణ ప్రకటనలో మూడోది నిజంగానే వచ్చింది. ఆ టెండరు వేశాను, 13 రూపాయల 40 పైసలకు. ఇంకా తెరవలేదు.